జాంగో టెంప్లేట్‌లో వేరియబుల్ ఎలా పెట్టుకోవాలి

జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు చేసే ఫ్రేమ్‌వర్క్) టెంప్లేట్‌లో, అంటే పేజీ ఎలా కనిపించాలో రాసే ఫైల్‌లో, పైథాన్‌లో లాగా నేరుగా వేరియబుల్ పెట్టడం కుదరదు, విత్ ట్యాగ్ వాడాలి. మద్దిలపాలెం నుంచి భీమిలి వెళ్లే బస్సుల పేజీ చేస్తున్నారనుకోండి, ఎన్ని బస్సులో పేజీ పైనా కిందా చూపించడానికి 'రూట్.బసెస్.కౌంట్' అని రెండుచోట్ల రాస్తే డేటాబేస్‌కి క్వెరీ రెండుసార్లు వెళ్తుంది, అదే విత్ పక్కన 'మొత్తం=రూట్.బసెస్.కౌంట్' అని పెట్టుకుంటే ఒక్కసారితో సరిపోతుంది. ఈక్వల్స్ గుర్తుకి అటూ ఇటూ స్పేస్ ఇవ్వకండి, ఎర్రర్ వస్తుంది. విత్‌ని ముగించే ఎండ్‌విత్ ట్యాగ్ దాటాక ఆ పేరు పనిచేయదు.

పైథాన్‌లోనే వాడే ఇంకో టెంప్లేట్ భాష జింజాలో అయితే వేరియబుల్ పెట్టుకోవడానికి సెట్ ట్యాగ్ ఉంది. కానీ ఫర్ లూప్ లోపల సెట్ చేసిన విలువ బయటికి రాదు, టికెట్ల మొత్తం కూడాలంటే జింజా 2.10 వెర్షన్‌లో వచ్చిన నేమ్‌స్పేస్ (లూప్ దాటినా విలువ నిలుపుకునే ఆబ్జెక్ట్) వాడండి. అసలు ఇలాంటి కూడికలు వ్యూలోనే (టెంప్లేట్‌కి డేటా పంపే పైథాన్ కోడ్‌లోనే) చేసి పంపడం మంచిదని నా గట్టి అభిప్రాయం, టెస్ట్ రాయడం కూడా అక్కడే తేలిక.