టీసార్ట్ వరుస తప్పుతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

టీసార్ట్ (tsort) అంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూసి అంశాలను వరుసలో పెట్టే కమాండ్. అది చూసేది జంటలనే. "డేటాబేస్ సర్వర్" అని ఇస్తే డేటాబేస్ ముందు, సర్వర్ తర్వాత. లైన్లతో దానికి పనిలేదు; ఖాళీ, ట్యాబ్, కొత్త లైన్ మూడూ ఒకటే. కింది వివరాలు లినక్స్‌లో ఉండే గ్నూ టీసార్ట్‌వి.

వరుస తలకిందులుగా వస్తోంది

మేక్‌ఫైల్ (ప్రోగ్రామ్‌ను బిల్డ్ చేసే సూచనల ఫైలు) అలవాటుతో టార్గెట్‌ను, అంటే తయారు కావలసినదాన్ని ముందు, దానికి కావలసినదాన్ని తర్వాత రాసి ఉంటారు. ఫలితాన్ని టాక్‌కు (tac, లైన్ల వరుసను తిరగేసే కమాండ్) పైప్ చేస్తే సరి. మేక్‌ఫైల్‌లో టార్గెట్ తర్వాత ఉండే కోలన్ మిగిలిపోతే పేరులో భాగమవుతుంది, ముందే తీసేయండి. లింకర్‌కు (ప్రోగ్రామ్ ముక్కలను కలిపే సాధనం) స్టాటిక్ లైబ్రరీల వరుస కావాలంటే మాత్రం వాడుకునేదే ముందు రావాలి, అప్పుడు తిప్పకండి.

పదాల సంఖ్య బేసి అని ఎర్రర్

దేనితోనూ సంబంధం లేని అంశాన్ని ఒంటరిగా రాశారు. "లాగ్ లాగ్" అని రెండుసార్లు రాయండి. పేరులో ఖాళీ ఉన్నా ఇదే ఎర్రర్. అలాంటి పేర్లు రెండుంటే మరీ ప్రమాదం: మొత్తం సరిసంఖ్య అయి ఎర్రర్ రాదు, మధ్యలోని జంటలు మాత్రం ఒక్కో పదం పక్కకు జరుగుతాయి. ఆక్‌తో (awk) ఎన్ఎఫ్ విలువ (NF, లైనులోని పదాల సంఖ్య) 2 కాని లైన్లు వెతకండి.

ఒకే పేరు రెండుసార్లు, ఎర్రర్ లేదు

ఫైలు విండోస్‌లో తయారైంది. లైను చివరి క్యారేజ్ రిటర్న్‌ను (విండోస్ చేర్చే కనపడని అక్షరం) టీసార్ట్ ఖాళీగా లెక్కించదు, రెండో పదానికి అంటిస్తుంది. దాంతో ఒక లైనులో కుడివైపున్న "సర్వర్", మరో లైనులో ఎడమవైపున్న "సర్వర్" వేర్వేరు అంశాలై గొలుసు తెగుతుంది. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కంటికి దొరకదు. క్యాట్‌కు పెద్ద 'ఏ' ఆప్షన్ (cat -A) ఇస్తే డాలర్ గుర్తుకు ముందు ^ఎమ్ బయటపడుతుంది. టీఆర్‌తోనో (tr) డాస్‌టుయూనిక్స్‌తోనో (dos2unix) తీసేయండి.

లూప్ ఉందంటోంది

లూప్ అంటే ఒకదానికొకటి ముందు రావాలనే చక్రం. అందులోని పేర్లు ఎర్రర్ అవుట్‌పుట్‌లో వస్తాయి, ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే సంఖ్య) 1, అంటే విఫలం. అయినా ఒక బంధాన్ని తెంపేసి జాబితా మొత్తం ఇచ్చేస్తుంది. ఆ జాబితాను నమ్మొద్దు. పైప్‌లైన్‌లో కోడ్ మరుగున పడకుండా బాష్‌లో పైప్‌ఫెయిల్ (pipefail) ఆన్ చేయండి. ముందు తిరగేసి రాసిన జంట ఉందేమో చూడండి. నిజంగానే రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడితే పనిని విడగొట్టాలి: రెండు టేబుళ్లూ సృష్టించాక ఫారిన్ కీలను (ఒక టేబుల్‌ను మరోదానికి కట్టే లింకులను) వేరే అంశంగా చేర్చినట్టు.

అక్షర క్రమంలో రావడం లేదు

రాదు. మీకు ఫలానాది ముందే రావాలంటే ఆ జంట కూడా రాయండి.