టీమ్ అంతా కలిసి నెలవారీ సైక్లింగ్ కిలోమీటర్ల లెక్క ఎలా పెట్టుకోవాలి?

ఒకటో తేదీన అందరూ ఉత్సాహంగా ‘ఈ నెల నాది 500’, ‘నాది 800’ అని గ్రూపులో పెడతారు. పదో తేదీ వచ్చేసరికి ఎవరు ఎంత తొక్కారో ఎవరికీ తెలియదు. ఇరవయ్యో తేదీకి సగం మంది లెక్క చెప్పడమే మానేస్తారు. నెలాఖరున ఒకరు ‘612 అయ్యాయి’ అంటారు, రైడ్లు నమోదు చేసే యాప్‌లో చూస్తే అదే మనిషికి 574 ఉంటాయి. ఇక అక్కడి నుంచి వాదన మొదలు. చాలా టీములకు ఈ లెక్కలు చూస్తూ వస్తున్నాను, ఎక్కడ చూసినా ఇదే తంతు. తొక్కేవాళ్లలో లోపం ఏమీ ఉండదు, లెక్క పెట్టే పద్ధతి ముందే అనుకోకపోవడం వల్లే అంతా చెడుతుంది. కింద చెప్పిన వరుసలో చేయండి.

ముందు కావలసినవి

దూరాన్ని కొలిచే పరికరం ఒకటి: సైకిల్ కంప్యూటరో, వాచీయో, జీపీఎస్ ఉన్న ఫోనో. అందరూ తెరవగలిగే గూగుల్ షీటు ఒకటి. లెక్క చూసే మనిషి ఒకరు. ఇంతే. ఖరీదైన పరికరం ఉంటేనే లెక్క సరిగ్గా వస్తుందనేది అపోహ. లెక్క చూసే మనిషి మాత్రం ఒక్కరే ఉండాలి. ఇద్దరికి అప్పగిస్తే ‘వాళ్లు చూసుకుంటారులే’ అని ఇద్దరూ వదిలేస్తారు.

మొదటి పని: ఎవరి టార్గెట్ వాళ్లకు

టీమ్ మొత్తానికి ఒకే అంకె పెట్టకండి. రోజూ తొక్కే మనిషికి 600 కిలోమీటర్లు రెండు వారాల పని. పిల్లలనూ ఉద్యోగాన్నీ చూసుకుంటూ ఆదివారం మాత్రమే బయటికొచ్చే మనిషికి అదే అంకె నెలంతా గుండెల మీద బరువు. ఒకరు మొదటి వారంలోనే ధీమాగా కూర్చుంటారు, ఇంకొకరు అదే వారంలో ఆశ వదిలేసుకుంటారు.

గత మూడు నెలల సగటు తీసుకుని దానికి పది శాతం కలపండి. 310, 280, 400 తొక్కిన మనిషి సగటు 330. పది శాతం కలిపితే 363, దాన్ని 360 చేయండి. అంతకుమించి పెంచనివ్వకండి. ఉత్సాహం కొద్దీ 330 నుంచి ఒక్కసారిగా 600కి దూకినవాళ్లకు మోకాలి నొప్పి రావడం, ఆ తర్వాతి నెల సైకిల్ ముట్టకపోవడం మామూలుగా జరిగేదే. బాగా తొక్కేవాళ్లు ఈ మాటకు చిన్నబుచ్చుకుంటారు. అయినా సరే మొహమాటపడకండి.

టీమ్‌లో పోలిక కిలోమీటర్లతో కాకుండా శాతంతో ఉండాలి. 360లో 340 తొక్కిన మనిషి 94 శాతం దగ్గర ఉన్నట్టు. 1,000లో 800 తొక్కిన మనిషి 80 శాతం దగ్గరే. పట్టికలో 94 శాతం మనిషి పైన ఉండాలి. ఈ ఒక్క మార్పుతో నెమ్మదిగా తొక్కేవాళ్లు కూడా చివరిదాకా లెక్క ఇస్తారు. టీమ్ ఫలితాన్ని కూడా అందరి కిలోమీటర్లూ కలిపి చూడకండి. ఒకరిద్దరు 1,500 తొక్కేసి మిగతావాళ్ల లోటును కప్పేస్తారు. ఎంతమంది తమ టార్గెట్ అందుకున్నారో చూడండి.

రెండో పని: షీటు

మొదటి పేజీలో రైడ్‌కు ఒక వరుస. పేరు, రైడ్ తేదీ, కిలోమీటర్లు, బయటా లేక ట్రైనర్ (ఇంట్లో సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) మీదా, గమనిక. రెండో పేజీలో ఒక్కొక్కరి టార్గెట్, ఇప్పటిదాకా మొత్తం, శాతం. పేర్లు ఎవరి చేతా టైప్ చేయించకండి, జాబితాలోంచి ఎంచుకునే డ్రాప్‌డౌన్ పెట్టండి. పేరు చివర కంటికి కనిపించని ఒక ఖాళీ పడినా ఆ వరుస మొత్తంలో కలవదు, ఎందుకు కలవలేదో వెతికేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

గూగుల్ ఫారం ద్వారా నింపిస్తుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫారం దానంతటదే వేసే తేదీ మీరు ఫారం పంపిన తేదీ, రైడ్ చేసిన తేదీ కాదు. 31న తొక్కి 1న ఫారం నింపితే ఆ రైడ్ కొత్త నెలలోకి వెళ్లిపోతుంది. అందుకే రైడ్ తేదీని వేరే ప్రశ్నగా అడగాలి.

షరతులకు సరిపోయే వరుసలనే కలిపి మొత్తం తీసే సమ్‌ఇఫ్స్ ఫార్ములాలో షరతు ఇలా రాయండి: తేదీ ఈ నెల 1 గానీ ఆ తర్వాత గానీ అయి ఉండాలి, వచ్చే నెల 1 కంటే ముందు ఉండాలి. ‘31వ తేదీ వరకు’ అని రాస్తే పొరపాటే. యాప్ నుంచి తెచ్చి అతికించిన తేదీలో సమయం కూడా ఉంటుంది. షీటు దృష్టిలో 31 అంటే 31వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి. ఆ రోజు ఉదయం ఆరింటికి చేసిన రైడ్ దానికి ఆ గీత దాటిపోయినట్టే. చివరి రోజు ఉరుకులు పరుగుల మీద 70 కిలోమీటర్లు తొక్కి టార్గెట్ కొట్టిన మనిషికి షీటులో ఆ 70 కనిపించకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

యాప్‌లోనే లీడర్‌బోర్డు ఉండగా షీటు ఎందుకని అడుగుతారు. రైడ్లు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో క్లబ్ లీడర్‌బోర్డు వారం లెక్క చూపిస్తుంది, ప్రతి సోమవారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నెలేమో బుధవారం మొదలై శుక్రవారం ముగియొచ్చు. పైగా అది ఎక్కువ తొక్కినవాళ్లను పైన పెడుతుంది తప్ప ఎవరి టార్గెట్‌లో వాళ్లు ఎంతదాకా వచ్చారో చెప్పదు. ఇక చాట్ గ్రూపులో ‘ఈరోజు 42’ అని రాసుకుంటూ పోతే, నెలాఖరున ఆ శుభోదయాల మధ్య నుంచి అంకెలు ఏరుకోవాలి. యాప్ రైడ్‌ను నమోదు చేయడానికి, షీటు నెల లెక్కకు. రెంటినీ కలపకండి.

మూడో పని: ఏ కిలోమీటరు లెక్కలోకి వస్తుంది?

టీములు చెడేది ఇక్కడే. మిగతావన్నీ తప్పినా సర్దుకోవచ్చు. ఇది తప్పితే ఒకరి మీద ఒకరికి నమ్మకం పోతుంది. నెల మొదలయ్యే ముందే కూర్చుని ఈ నియమాలన్నీ షీటు పైనే రాసిపెట్టండి. నెల మధ్యలో ఒక్క అక్షరం మార్చకండి. ఎంత మంచి మార్పైనా సరే, అది వచ్చే నెల నుంచే. మధ్యలో మార్చిన నియమం ఎవరో ఒకరికి లాభంగా కనిపిస్తుంది. ఆ ఒక్కరు ఎవరన్నదే ఆ తర్వాత గొడవ.

మొదటిది, ఒక మనిషికి ఒకే పరికరం. హ్యాండిల్ మీద కంప్యూటర్, జేబులో ఫోన్, చేతికి వాచీ, మూడూ నడుస్తుంటాయి. మూడూ మూడు అంకెలు చెబుతాయి. వాటిలో పెద్దది ఎంచుకోవడం మనిషి సహజం. అందుకే నెల మొదట్లోనే ఎవరి పరికరం ఏదో షీటులో పేరు పక్కన రాయించండి. ఆ రోజు దాని బ్యాటరీ అయిపోతే అప్పుడే రెండో దాని అంకె, గమనికలో కారణంతో సహా. రెండు పరికరాలూ యాప్‌కు కలిపి ఉంటే ఒకే రైడ్ రెండుసార్లు ఎక్కే ప్రమాదం కూడా ఉంది. ఒకే ఉదయం ఒకే మనిషి పేరు మీద 48, 49 అని రెండు వరుసలు కనిపిస్తే అవి రెండు రైడ్లు కావు. లెక్క చూసేవాళ్లు వారానికోసారి షీటును పేరు, తేదీ వరుసలో పేర్చి చూస్తే ఇలాంటివి ఒక్క నిమిషంలో దొరుకుతాయి.

రెండోది, చక్రం చుట్టుకొలత. చక్రానికి సెన్సర్ పెట్టి కొలిచేవాళ్లు కంప్యూటర్‌లో దాన్ని సరిగ్గా పెట్టుకున్నారో లేదో అడిగి తీరాలి. 700×23 టైరుకు (23 మిల్లీమీటర్ల వెడల్పుది) దాదాపు 2,096 మిల్లీమీటర్లు, 700×28కి దాదాపు 2,136. సన్న టైరు తీసి లావు టైరు వేసుకుని సెట్టింగు మార్చడం మరిచిపోతే ప్రతి చుట్టుకూ 40 మిల్లీమీటర్లు పోతాయి. అంటే ఇంచుమించు రెండు శాతం. 600 కిలోమీటర్లు తొక్కినవాళ్లకు 11 కిలోమీటర్లు లెక్కకు రాకుండా పోయినట్టే. టైరు కొలతల పట్టికల్లో ఉన్న అంకె కంటే కొలిచి చూసుకోవడమే మేలు. టైరులో మీరు మామూలుగా నింపినంత గాలి ఉంచి, చక్రం మీద సుద్దతో గుర్తు పెట్టి, సైకిల్ ఎక్కి కూర్చుని ఒక చుట్టు ముందుకు కదిలి, నేల మీద దూరం కొలవండి. బరువు పడ్డప్పుడు టైరు కాస్త నొక్కుకుంటుంది కాబట్టి దిగి కొలిస్తే అంకె కొంచెం ఎక్కువ వస్తుంది.

జీపీఎస్‌కు వేరే రోగాలున్నాయి. దట్టమైన చెట్ల కిందా ఎత్తైన భవనాల మధ్యా మ్యాప్ మీద మీ దారి గీత అటూ ఇటూ గెంతుతుంది. ఆటో పాజ్ (ఆగినప్పుడు దానంతటదే లెక్క ఆపే సెట్టింగు) లేకపోతే, టీ తాగుతూ ఆగిన చోట కూడా చిన్నచిన్న గెంతులు దూరంగా చేరిపోవచ్చు. అయినా ఒకటి రెండు శాతం తేడా గురించి ఎవరినీ నిలదీయకండి. ఇలాంటి చిన్నచిన్న తప్పులు అందరికీ ఉంటాయి. దశాంశాలను వదిలేసి కిందికి కుదించి రాయడం మా నియమం: 48.9 అయినా 48. ‘ఇదెక్కడి న్యాయం’ అని అడిగేవాళ్లు ఉంటారు. అందరికీ ఒకటే కాబట్టి న్యాయమే, పైగా 0.3 గురించి జరిగే చర్చలన్నీ దీనితో ఆగిపోతాయి.

మూడోది, ఆపడం మరిచిపోయిన రైడ్లు. సైకిల్‌ను కారులో ఎక్కించుకుని ఇంటికొచ్చారు, కంప్యూటర్ ఇంకా నడుస్తూనే ఉంది. రైడ్‌లో గరిష్ఠ వేగం 80 దాటితే, అదీ చదునైన రోడ్డు మీద, అనుమానించండి. స్ట్రావాలో క్రాప్ అనే సదుపాయంతో చివరి ముక్క కత్తిరించేయొచ్చు. ఇలాంటప్పుడు అందరి ముందూ అడగకండి, విడిగా మెసేజ్ పెట్టండి. కావాలని చేసేవాళ్లు చాలా తక్కువ. పదిమందిలో అడిగితే నిజాయతీగా మరిచిపోయినవాళ్లు కూడా మనసు విరిగి లెక్క ఇవ్వడం మానేస్తారు.

నాలుగోది, ట్రైనర్. ఇంట్లో స్టాండు మీద తొక్కిన దూరాన్ని రోడ్డు దూరంతో సమానంగా వేయకండి. ట్రైనర్ మీద తొక్కేటప్పుడు వాడే జ్విఫ్ట్ లాంటి యాప్‌లు మీ వాట్లు (పెడల్ మీద పెట్టే శక్తి), శరీర బరువు, ఆ వర్చువల్ రోడ్డు ఎత్తుపల్లాలు, ముందున్నవాళ్ల వెనక తొక్కుతున్నారా లేదా అన్నవన్నీ చూసి వేగం లెక్క కడతాయి. వెనక చక్రం రోలర్ మీద తిరిగే పాత రకం ట్రైనర్‌లో నిరోధం తగ్గించి చక్రం తిప్పితే ఎంత దూరమైనా వస్తుంది. రెంటినీ ఒకే వరుసలో రాస్తే అర్థం లేదు. ట్రైనర్ మీద గంటకు 25 కిలోమీటర్లు, అరగంటకు 12. యాప్ ఏం చెప్పినా ఇంతే రాయాలి. ఇది తక్కువ అనిపించేవాళ్లు బయటికెళ్లి తొక్కొచ్చు. మోటారు ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్ కిలోమీటర్లను వేరే పేజీలో పెట్టండి. ఆఫీసుకూ కూరగాయలకూ తొక్కిన దూరం మాత్రం పూర్తిగా లెక్కే, ఆ విషయంలో బేరం వద్దు.

చివరిది, మైళ్లు. ఒకరి యాప్ మైళ్లలో ఉండి వాళ్లు 25 అని రాస్తే నిజానికి అది 40 కిలోమీటర్లు. మైలుకు 1.609 కిలోమీటర్లు. మొదటి రోజే అందరి యాప్‌లలో కొలమానం ఏముందో చూడండి.

ఇంకో మాట. రుజువుగా మ్యాప్ స్క్రీన్‌షాట్లు పెట్టమని ఎవరినీ అడగకండి. రైడ్ ఎక్కడ మొదలైందో చూస్తే వాళ్ల ఇల్లెక్కడో తెలిసిపోతుంది. అంకె, తేదీ చాలు.

నాలుగో పని: వారానికోసారి చూడటం

ఆదివారం రాత్రి పడుకునే ముందు అందరూ నింపేయాలి. సోమవారం ఉదయం లెక్క చూసేవాళ్లు పట్టిక గ్రూపులో పెట్టాలి. రోజూ పెట్టకండి. రోజువారీ లెక్క అనవసరమైన టెన్షన్ తెచ్చిపెడుతుంది. వారంలో 150 తొక్కాల్సిన మనిషి మామూలు రోజుల్లో రెండుసార్లు 30, ఆదివారం 90 తొక్కుతారనుకోండి. శుక్రవారం సాయంత్రం చూస్తే రోజుల లెక్క ప్రకారం 107 ఉండాల్సిన చోట 60 ఉంటాయి, 47 వెనకబడ్డట్టు. ఆదివారం మధ్యాహ్నానికి అంతా సరిపోతుంది. ఆ మధ్యలో కంగారుపడి శనివారం కాళ్లు అరగదీసుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

అలాగే నెల మొదట్లో క్యాలెండర్ చూసి ఎన్ని శని, ఆదివారాలున్నాయో లెక్కపెట్టండి. శుక్రవారం మొదలయ్యే 31 రోజుల నెలలో శని, ఆదివారాలు ఐదేసి వస్తాయి. ఫిబ్రవరిలో నాలుగేసి రావడమే మామూలు. రెంటికీ ఒకే టార్గెట్ పెట్టకూడదు.

ఇరవయ్యో తేదీన ఒక్కసారి గట్టిగా చూడండి. ఒక్కొక్కరికి మిగిలిన కిలోమీటర్లను, నెలాఖరులోపు వాళ్లు మామూలుగా తొక్కే రోజుల సంఖ్యతో భాగిస్తే రోజుకు ఎంత పడుతుందో అందరికీ చెప్పండి. ఆ అంకె వాళ్ల మామూలు రైడ్‌కు ఒకటిన్నర రెట్లు దాటితే, టార్గెట్ అందుకోమని ఒత్తిడి పెట్టకండి. జ్వరం వచ్చి వారం పోయినవాళ్లకు ఆ వారం వంతు టార్గెట్ తగ్గించండి, గమనిక రాయండి.

మొత్తం కిలోమీటర్లతో పాటు ఇంకో కొలత కూడా పెట్టుకుంటే బాగుంటుంది. ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ సైకిల్ తొక్కేవారు. ఆయన తన రైడ్లను ఒక తమాషా లెక్కలో చూసుకునేవారు: కనీసం ‘ఎన్’ మైళ్లు తొక్కిన రోజులు కనీసం ‘ఎన్’ ఉండాలి, అలాంటి ‘ఎన్’లలో పెద్దది ఎంత? 1944లో చనిపోయేనాటికి ఆయన అంకె 84. అంటే 84 మైళ్లో అంతకంటే ఎక్కువో తొక్కిన రోజులు కనీసం 84. దీన్ని నెలకు కుదించి వాడొచ్చు. పదిహేను రోజుల్లో కనీసం పదిహేనేసి కిలోమీటర్లు తొక్కినవాళ్లకు 15. ఒకే ఆదివారం 200 తొక్కి మిగతా నెలంతా పడుకున్నవాళ్లకు 1. అందుకే ఇది నాకిష్టం. మా పట్టికలో శాతం పక్కనే దీనికీ ఒక గడి ఉంటుంది.

ఐదో పని: నెల మూసేయడం

కొత్త నెల 2వ తేదీ రాత్రి వరకు గడువు ఇవ్వండి, ఆ తర్వాత పేజీకి తాళం వేయండి. గూగుల్ షీటులో పేజీని ప్రొటెక్ట్ చేస్తే మీరు తప్ప ఎవరూ మార్చలేరు. 31 రాత్రి మొదలై అర్ధరాత్రి దాటిన రైడ్ మొత్తం, మొదలైన తేదీ నెలకే చెందుతుంది. దాన్ని రెండు ముక్కలు చేయనివ్వకండి. తాళం పడ్డాక గుర్తొచ్చిన రైడ్ ఎవరిదైనా, ఎంత పెద్దదైనా లెక్కలోకి రాదు. ఆ తర్వాత పేజీని కాపీ చేసి, రైడ్ల వరుసలు చెరిపి, ఫార్ములాలో రెండు తేదీలు మార్చి, కొత్త మూడు నెలల సగటుతో టార్గెట్లు మళ్లీ కట్టి, 3వ తేదీ ఉదయానికల్లా గ్రూపులో పెట్టేయండి.