కొత్త సాఫ్ట్‌వేర్ కోసం కంప్యూటర్ మార్చేముందు

తిరుపతిలో నా రిపేరు షాపుకు వచ్చేవాళ్లు ఈ మధ్య ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, సాఫ్ట్‌వేర్ ఎక్కడం లేదు, కొత్త విండోస్ కావాలంటోంది. మిషన్ మార్చాల్సిందేనా?" తొందరపడి డబ్బు పోసేయకండి.

ముందు మీది ఏ వెర్షనో చూడండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చే పెట్టెలో ఇంగ్లీషులో విన్‌వర్ (winver) అని కొడితే తెలిసిపోతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీ సైట్‌లో రాసిన కనీస అవసరాలతో పోల్చండి. విండోస్ 7కి క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. అలాంటివాటికి అప్‌గ్రేడ్ తప్పదు. విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం మిషన్‌లో ఉండాలి. అదే పెట్టెలో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొట్టండి. దొరకలేదని వస్తే, అసలు లేదనుకోకండి! చాలా మిషన్లలో బయోస్‌లో, అంటే మిషన్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరు వెతికి ఆన్ చేసి, సేవ్ చేయండి. ప్రాసెసర్ కూడా చూడాలి. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. ఐ5-8250యూ లాంటి పేరులో గీత పక్కనున్న 8 చెప్పేది ఆ తరమే.

చిత్తూరు మామిడి మండీల వాళ్లకు నేను గట్టిగా చెప్పేది బ్యాకప్ గురించి. సీజన్ లెక్కలన్నీ ట్యాలీలోనే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూశాకే అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి. పాత బిల్లు ప్రింటర్‌కు కొత్త విండోస్‌లో పనిచేసే డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.