ఉప్పునీటి అక్వేరియంలో చేపలు పోతున్నాయా? మందు పోసే ముందు ఇవి చూసుకోండి

చేప కాస్త నలతగా కనిపించగానే చాలామంది ముందు మందు సీసా కోసం చూస్తారు. బెజవాడ, గుంటూరు ఇళ్లలో మాత్రం చాలాసార్లు తేడా చేపలో ఉండదు, నీళ్లలో ఉంటుంది. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు థర్మామీటరు చూడండి, రిఫ్రాక్టోమీటరుతో ఉప్పు చూడండి, అమ్మోనియా టెస్టు చేయండి. ఈ మూడూ సరిగ్గా ఉన్నాయని తేలాకే రోగం సంగతి.

చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

వేసవిలో అయితే కారణం దాదాపుగా వేడే. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే చేపకి ఇంకా ఎక్కువ కావాలి. ట్యాంకు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. బయట 44, 45 కొడుతున్న మే మధ్యాహ్నం ఏసీ లేని గదిలో నీళ్లు 32 దాటిపోవడం మామూలే. వెంటనే వేవ్‌మేకర్‌ని (ట్యాంకు లోపల నీళ్లని కదిపే చిన్న పంపు) పైకి తిప్పి నీటి పైభాగం బాగా అలలు కొట్టేలా చేయండి, మూత తీసేసి నీటి మీదకి ఫ్యాను పెట్టండి. ఫ్యానుతో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది గానీ మనకి ఉక్కపోత ఎక్కువ, గాలిలో తేమ ఉన్న రోజున అంత కూడా దిగదు. అప్పుడు మూత గట్టిగా బిగించిన వాటర్ బాటిల్‌ని ఫ్రీజర్లో గడ్డకట్టించి ట్యాంకులో తేలేలా వేయండి. ఐసు ముక్కలు నేరుగా వేస్తే ఉప్పు పలచబడుతుంది. కంగారుపడి ఒక్కసారిగా చల్లబరచొద్దు, గంటకి ఒక డిగ్రీ చాలు. చిల్లర్ గానీ రోజంతా ఏసీ గానీ లేకుండా ఈ ఊళ్లో పగడాల జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం, వాటిని ప్రతి వేసవికీ చంపుకోవడం అన్యాయం.

ఉప్పు రోజురోజుకీ పెరుగుతోంది

ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. ఫ్యాను పెట్టాక ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. తగ్గిన మేరకి ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయండి, రిఫ్రాక్టోమీటరులో స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పునీటి సాంద్రత) 1.025 దగ్గర నిలబెట్టండి. సంప్‌లో (ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) నీళ్లని తిరిగి పైకి పంపే రిటర్న్ పంపు ఉన్న అర మీద మార్కర్‌తో గీత గీసుకుంటే రోజూ ఎంత పోయాలో కళ్ల ముందే ఉంటుంది. వంట ఉప్పు కలిపి సరిపెట్టడం అస్సలు కుదరదు. అది వట్టి సోడియం క్లోరైడ్, మెగ్నీషియం, కాల్షియం లాంటివి అందులో ఉండవు. సూర్యలంక నుంచో మంగినపూడి నుంచో క్యాన్లలో సముద్రం నీళ్లు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. వరదల రోజుల్లో బ్యారేజీ గేట్లు ఎత్తాక కృష్ణ నీళ్లన్నీ అటే చేరతాయి కాబట్టి ఒడ్డు దగ్గర బురదా ఎక్కువే, ఉప్పూ తగ్గుతుంది. ప్యాకెట్ మెరైన్ సాల్ట్ కొనుక్కోండి, ఖర్చయినా నమ్మకం.

కరెంటు పోయింది, ఇల్లంతా నీళ్లు

పంపు ఆగగానే ట్యాంకులో నీళ్లు రిటర్న్ పైపు గుండా వెనక్కి లాగేసుకుని సంప్ పొంగుతుంది. పైపు చివర నీటిలో ఎంత లోతుకి ఉంటే అంత నీరు దిగిపోతుంది. నీటి మట్టానికి కాస్త కింద పైపుకి చిన్న రంధ్రం వేస్తే, నీరు అక్కడికి దిగగానే గాలి లోపలికి దూరి లాగడం ఆగుతుంది. ఆ రంధ్రాన్ని నాచు మూసేస్తుంది, అప్పుడప్పుడూ టూత్‌పిక్‌తో గుచ్చండి. ఇంతకన్నా ముఖ్యం, మీరు ఇంట్లో ఉన్నప్పుడే కావాలని పంపు ఆపి చూడండి. సంప్ పొంగకుండా ఎంతవరకు నింపొచ్చో అప్పుడే తెలుస్తుంది.

కోత గంటల తరబడి సాగితే అసలు ప్రమాదం ఊపిరి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. ఇన్వర్టర్ ఉంటే వేవ్‌మేకర్ ఒక్కటే దానికి కలపండి, మేత ఆపేయండి. క్యానిస్టర్ ఫిల్టర్ (మూసిన డబ్బాలా ఉండే ఫిల్టర్) వాడేవాళ్లు కరెంటు రాగానే స్విచ్ వేయొద్దు, కదలని నీళ్లలో బ్యాక్టీరియా చచ్చి లోపల కుళ్లి ఉంటుంది, విప్పి కడిగాకే వేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ముందు మనుషులు బయటపడాలి, ట్యాంకు గురించి ఆలోచించొద్దు.

రాళ్ల మీద గోధుమ రంగు పొర

కొత్త ట్యాంకయితే అవి డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు, కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి. పోకపోతే నీళ్లే కారణం. బోరు నీళ్లు వద్దు, ఇంటికొచ్చే ఇరవై లీటర్ల టిన్ను కూడా టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ఒకసారి కొలవండి, మనకి కావాల్సింది సున్నాకి దగ్గర. ఎర్రగా, జిగురుగా దుప్పటిలా పరుచుకుంటే అది సయనోబ్యాక్టీరియా, నాచులా కనిపించే బ్యాక్టీరియా: మేత తగ్గించి, నీటి కదలిక పెంచండి.

కొత్త చేపలు వరసగా చచ్చిపోతున్నాయి

అమ్మోనియా. ట్యాంకు సైకిల్ కావడానికి, అంటే వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా చేప వేయొద్దు. పాత ట్యాంకులో ఉన్నట్టుండి పెరిగితే రాళ్ల వెనక ఏదో చచ్చి ఉంటుంది, వెతికి తీసి, నీళ్లు మార్చండి.

ఫాగింగ్ బండి వెళ్లాక రొయ్యలు వెల్లకిలా పడిపోయాయి

దోమల మందు పొగని ఎయిర్ పంపు లాగి నేరుగా నీళ్లలోకి పంపుతుంది. బండి చప్పుడు వినగానే కిటికీలు మూసి ఎయిర్ పంపు ఆపండి, వేవ్‌మేకర్ నడవనివ్వండి. తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ వేసి కొంత నీళ్లు మార్చండి.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు

ఇది ఒక పరాన్నజీవి వల్ల వచ్చే రోగం. మందు అవసరమయ్యేది ఇక్కడే, అదీ పెద్ద ట్యాంకులో కాదు. కాపర్ మందు రొయ్యల్నీ నత్తల్నీ పగడాల్నీ చంపుతుంది, రాళ్లలోకి కూడా ఇంకిపోతుంది. చేపలన్నిటినీ వేరే ట్యాంకులోకి మార్చి అక్కడ వైద్యం చేయండి. ఈ పరాన్నజీవికి చేప దొరక్కపోతే బతుకు లేదు, అందుకే పెద్ద ట్యాంకుని చేపల్లేకుండా 76 రోజులు ఉంచడం ఈ హాబీలో చాలామంది పాటించే లెక్క. చుక్కలు మాయమయ్యాయని వారానికే వెనక్కి వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

నీళ్లలో చెయ్యి పెడితే జివ్వుమంటోంది

చెయ్యి తీసేయండి, మెయిన్ ఆపేయండి. పగిలిన హీటరో, వైరు తెగిన పంపో అయి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా చూడండి, ప్లగ్గు పిన్నుల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే ఆ బాక్సు పడేయాల్సిందే. కొత్తది నేల మీద కాకుండా గోడకి ఎత్తులో బిగించి, ప్రతి వైరూ ప్లగ్గుకన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా సర్దండి, కారిన నీటి చుక్క అక్కడే కింద రాలిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించి, 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించాకే ట్యాంకు స్విచ్ వేయండి.