బస్తాల సీజన్ మొదలయ్యేలోపే ఆ నొప్పి చూపించుకోండి

ఏప్రిల్ వచ్చిందంటే యాసంగి కోతలు, కల్లాల్లో కాటాలు, లారీ లోడింగులు. ఇక రెండు నెలల దాకా ఎవరికీ ఒళ్లు చూసుకునే తీరిక ఉండదు. అందుకే బీజాల్లో (వృషణాల్లో) నొప్పి వారాల తరబడి సలుపుతున్నా ‘వేడి చేసిందిలే’ అని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటున్న వాళ్లు పనిలోకి దిగకముందే ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కోదానికి వైద్యం వేరు.

అన్నిటికంటే ముందు ఒక్కరోజు కూడా ఆగకూడని నొప్పి గురించి. ఉన్నట్టుండి ఒకవైపు భరించలేని నొప్పి, వాంతులు, ఆ బీజం పైకి లాక్కున్నట్టు ఉంటే లోపల నరం మెలిపడి రక్తం ఆగిపోయిందేమోనని అనుమానించాలి. 6 గంటల్లోపు ఆపరేషన్ చేస్తే దాన్ని కాపాడుకునే అవకాశం బాగా ఉంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది. ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల పిల్లలకు వస్తుంది, వాళ్లేమో సిగ్గుతో కడుపునొప్పి అంటారు, కాబట్టి పెద్దవాళ్లే విడిగా పిలిచి కింద కూడా నొప్పి ఉందా అని అడగండి. అర్ధరాత్రయినా సరే, తెల్లారనిద్దాం అనుకోకండి.

ఇక రోజుల తరబడి వేధించే నొప్పులు. బరువులెత్తే వాళ్లలో మొదట చూడాల్సింది హెర్నియా, అంటే పేగు గజ్జల్లోంచి బయటికి పొడుచుకు రావడం. నిలబడి గట్టిగా దగ్గితే గజ్జల్లో ఉబ్బు వస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. ఇది ఉండగా 40 కిలోల బస్తాలు మోయడం చాలా ప్రమాదం, ఎందుకంటే ఏదో ఒకరోజు ఆ పేగు బయటే ఇరుక్కుని గట్టిపడుతుంది, నొప్పి, వాంతులు మొదలవుతాయి, అప్పుడు వెంటనే 108కి ఫోన్ చేయాల్సిందే. ఆపరేషన్ అవసరమని డాక్టర్ చెప్తే సీజన్ అయ్యాక చూద్దాంలే అనకండి.

సాయంత్రానికి ఎడమవైపు బరువుగా లాగుతూ, పడుకుంటే తగ్గిపోతుంటే వెరికోసీల్, అంటే బీజం దగ్గరి సిరలు ఉబ్బడం కావచ్చు. చేత్తో చూస్తే వానపాముల ముద్దలా తగులుతుంది. ఎడమవైపు సిర కిడ్నీ సిర దాకా వెళ్లి కలుస్తుంది, అందుకే ఆ వైపే రక్తం నిలిచిపోవడం ఎక్కువ. కుడివైపు ఒక్కటే ఉబ్బినా, పడుకున్నా ఉబ్బు తగ్గకపోయినా కిడ్నీల స్కానింగ్ కూడా చేయించాలి.

ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగని వాళ్లకు కిడ్నీలో రాళ్లు వస్తాయి, అవి కిందికి జారేటప్పుడు నడుము పక్క నుంచి గజ్జల మీదుగా బీజం దాకా నొప్పి పాకుతుంది, అక్కడ చూస్తే మాత్రం వాపేమీ ఉండదు. మూత్రం లేత పసుపు రంగులో వచ్చేంతగా నీళ్లు తాగుతూ ఉండాలి. నీళ్లు తాగకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మింగుతూ పని చేస్తే కిడ్నీలే దెబ్బతింటాయి, ఈ ఒక్క అలవాటు మాత్రం దయచేసి మానుకోండి.

మూత్రంలో మంట, జ్వరం, రెండు మూడు రోజుల్లో పెరిగే వాపు ఉంటే ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు మాత్రలతో నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతుంది. డాక్టర్ రాసిన కోర్సు మొత్తం వాడాలి, శృంగారం వల్ల అంటుకున్నదైతే భార్యకు కూడా వైద్యం చేయించాలి. మందులు వాడినా తగ్గకుండా గట్టిపడితే టీబీ పరీక్ష అడగండి, మన దగ్గర అది అరుదేమీ కాదు. గవదబిళ్లలు వచ్చిన వారంలో బీజం వాచినా చూపించుకోవాలి.

నీరు చేరి వరిబీజం అయితే నొప్పికన్నా బరువు ఎక్కువ. బోదకాలు జబ్బు వల్ల కూడా ఇది వస్తుంది, కాబట్టి ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటికొచ్చి ఇచ్చే మాత్రలను గూట్లో పెట్టకుండా అన్నం తిన్నాక వాళ్ల ముందే మింగండి.

నొప్పి లేని గడ్డను ఇంకా తొందరగా చూపించాలి. క్యాన్సర్ గడ్డ చాలామందిలో నొప్పి లేకుండానే మొదలవుతుంది, 15 నుంచి 40 ఏళ్ల వాళ్లలో ఎక్కువ, త్వరగా కనిపెడితే బాగా నయమవుతుంది. చిన్నప్పుడు బీజం కిందికి దిగని వాళ్లు మరీ జాగ్రత్త. నెలకోసారి వేన్నీళ్ల స్నానం చేసేటప్పుడు వేళ్లతో మెల్లగా తడిమి చూసుకోండి.

యూరాలజిస్ట్ (మూత్ర, బీజాల జబ్బులు చూసే డాక్టర్) దగ్గరికి వెళ్లినప్పుడు ఎన్నాళ్ల నుంచి, ఏ వైపు, పడుకుంటే తగ్గుతోందా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందా, బైక్ ఎంతసేపు నడుపుతారు, అన్నీ దాచకుండా చెప్పండి. రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోతే నడుము నరం వల్ల వస్తోందేమో అడగండి, దానికి వైద్యం నడుముకే చేయాలి.