వానలు దిగకముందే కట్టెలు చీల్చి ఎండబెట్టుకోండి: లావువి ఎన్ని, సన్నవి ఎన్ని

రోహిణి కార్తె నడుస్తోంది. రోళ్లు పగిలే ఈ ఎండల్లో చలికాలం నీళ్ల పొయ్యి గురించి ఎవరికి గుర్తుంటుంది? కానీ కట్టెల పని చేసుకోవడానికి మనకున్న సమయం ఇదే. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక కొట్టిన లావు కట్టె దసరాకు కూడా సరిగ్గా ఎండదు. దాన్నే కార్తీక మాసంలో తెల్లారకముందే కాగు కింద పెట్టి, కళ్లు మండేదాకా ఊది ఊది, విసుగొచ్చి కిరసనాయిలో పెట్రోలో పోస్తారు. చీరలు అంటుకునేది, మొహాలు కాలేది అలాంటప్పుడే.

మాది దేవరకొండ వైపు పల్లె. ఇంట్లో గ్యాస్ ఉంది. అయినా స్నానాల నీళ్లకు, పండగ వంటలకు, పశువుల దాణా ఉడకబెట్టడానికి కట్టెల పొయ్యే. ఐదుగురి స్నానాలకు రోజుకు నాలుగైదు కిలోల కట్టె కాలుతుంది. ఈ మధ్య టౌన్లలో ఉండేవాళ్లు కూడా రాగి బాయిలర్లు, తలుపున్న ఇనుప పొయ్యిలు కొంటున్నారు. కొన్నవాళ్లంతా అడిగేది ఒకటే: ఒకసారి పెడితే ఎక్కువసేపు మండాలంటే ఎంత లావు కట్టె పెట్టాలి? అడితిలో అడిగితే తొడంత మొద్దు చూపిస్తారు. అందులో సగం నిజముంది. మిగతా సగం తెలియకుండా కొంటే ఆ మొద్దు మీకు పొగ తప్ప ఏమీ ఇవ్వదు.

నిప్పు కట్టెను పైనుంచి లోపలికి తింటూ పోతుంది. గాలి ఎంత తగిలితే మంట అంత. ఆరు ఇంచుల మందం, అడుగు పొడవున్న గుండ్రటి మొద్దును నాలుగు పేళ్లుగా చీల్చారనుకోండి. బరువు మారదు, కానీ గాలి తగిలే భాగం దాదాపు రెండింతలవుతుంది. అందుకే పేళ్లు చప్పున అంటుకుని చప్పున అయిపోతాయి, మొద్దు నిదానంగా కాలుతుంది. ఇంతవరకు అడితి వాళ్ల మాట సరైనదే.

తేడా వచ్చేది తడి దగ్గర. పచ్చి చెట్టు కొడితే పది కిలోల కట్టెలో నాలుగైదు కిలోలు నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లు ఆవిరైపోయేదాకా కట్టె వేడెక్కదు. వేడెక్కనిదే దానిలోంచి వచ్చే ఆవిర్లు మండవు. మండకుండా పోయిందే మన కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి వచ్చే పొగ. సన్నటి కట్టె పచ్చిదైనా ఎండలో కొన్ని రోజులు పెడితే దారికొస్తుంది. లావు మొద్దు అలా కాదు, పైన ఎండినట్టు కనబడుతూ లోపల ఏడాది పాటు తడిని దాచుకుంటుంది. గుండ్రంగా బెరడుతో ఉంటే మరీను. బెరడు నీళ్లను బయటికి పోనివ్వదు. కాబట్టి ఎంత లావు కట్టె కావాలో పొయ్యి ముందు కూర్చున్నప్పుడు చూసుకుందాంలే అంటే కుదరదు. చలికాలంలో కాల్చే లావు కట్టెను ఇప్పుడే చీల్చి పెట్టాలి. ఆ పై ఏడాది చలికాలానికి కావాల్సిన మొద్దులు కూడా ఇప్పుడే కొట్టుకోగలిగితే ఇంకా మంచిది.

మా ఇంట్లో మూడు కుప్పలు వేస్తాం.

మొదటిది రాజేసుకోవడానికి. చిటికెన వేలి నుంచి బొటనవేలి మందం దాకా. మా వైపు పత్తి కట్టె, నారాయణపేట, కోస్గి వైపు కంది కట్టె దీనికి సరిపోతాయి. తాటి మట్టలు కూడా పనికొస్తాయి. ఇవి భగ్గుమని మండి పదిహేను నిమిషాల్లో బూడిదవుతాయి. వీటితోనే కాగు కాచాలని చూస్తే పొయ్యి ముందు నుంచి లేవడం కుదరదు.

రెండోది మణికట్టు మందం పేళ్లు, అంటే రెండు మూడు ఇంచులు. అసలు పని చేసేవి ఇవే. పది మోపులు వేసుకుంటే ఆరు మోపులు ఇవే ఉండాలని నా లెక్క. ఈ మందం పేడుకు ఈ ఎండల్లో రెండు నెలలైనా ఇవ్వండి. గుండ్రటి కొమ్మ అంత మందమే ఉన్నా మధ్యకు ఒక్క దెబ్బ వేసి చీల్చండి. రెండుగా చీలిన కొమ్మ, చీలని కొమ్మ ఒకే రోజు ఎండలో పెడితే ఆరడంలో ఎంత తేడా ఉంటుందో మీకే తెలుస్తుంది.

మూడోది నాలుగైదు ఇంచుల మందం ఉన్నవి. ఎక్కువసేపు నిలబడేవి ఇవే, కానీ రెండు మోపులకు మించి అక్కర్లేదు. వీటిని మంట మీద కాదు, నిప్పుల మీద పెట్టాలి. సన్నవి వేసి, మణికట్టు పేళ్లు కాలి కింద నిప్పులు బాగా పడ్డాక లావువి రెండు పక్కపక్కన, మధ్యలో వేలు పట్టేంత సందు వదిలి ఎగదోయండి. ఒంటి మొద్దు ఎంత ఎండినదైనా కాసేపటికి నల్లబడి ఆరిపోతుంది. రెండు ఉంటే ఒకదాని సెగ ఇంకొకటి అందుకుంటుంది, ఆ సందులో మంట నిలబడుతుంది. పొయ్యి నోరు చిన్నదైతే ఐదు ఇంచులవి పెట్టకండి. నోరంతా మూసుకుపోయి గాలి ఆడక పొగ ఇంట్లోకి తన్నుతుంది.

పొడవు సంగతి పొయ్యిని బట్టి ఉంటుంది. మట్టి పొయ్యికీ మూడు రాళ్ల పొయ్యికీ పొడుగు కట్టె పెట్టి కాలుతున్న కొద్దీ ఎగదోస్తాం కాబట్టి రెండడుగులదైనా నడుస్తుంది. తలుపున్న ఇనుప పొయ్యికి మాత్రం కట్టె పూర్తిగా లోపల పట్టాలి. తలుపు సగం తెరిచి కట్టె బయటికి ఉంచితే మీరు డబ్బు పోసి కొన్న తలుపుకు అర్థం లేదు.

రెండేళ్ల కింద సంక్రాంతి ముందు మా పెద్దమ్మ వాళ్లింట్లో జరిగింది చెప్తాను. పొద్దున్నే నీళ్లు వేడిగా ఉంటాయని రాత్రి పడుకునే ముందు పొడుగాటి చింత మొద్దు పొయ్యిలో పెట్టి, తోక బయటికి వదిలేసి పడుకున్నారు. మొద్దు లోపల కాలి తేలికై, బరువంతా బయటివైపు పడి తిరగబడింది. కాలుతున్న కొన పక్కనున్న పత్తి కట్టె మీద పడింది. కోళ్లు అరవడంతో మెలకువ వచ్చింది కాబట్టి సరిపోయింది. తడక, రెండు బస్తాల వడ్లు పోయాయి. పెద్దమ్మ అరచేయి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఆ రోజు నుంచి మా ఇళ్లలో ఎవరూ పొయ్యికి నాలుగడుగుల లోపు ఎండు పుల్ల ఉంచరు. పడుకునే ముందు కట్టె బయటికి లాగి, కొన మీద నీళ్లు చల్లి, చుయ్‌మని ఆగాకే లోపలికి వెళ్తారు.

ఏ చెట్టు అన్నది కూడా చూడాలి. మనకు దొరికేవాటిలో నల్ల తుమ్మ, సర్కారు తుమ్మ, చింత గట్టివి. నిప్పులు చాలాసేపు ఉంటాయి. చింతను చీల్చడం మాత్రం నరకం, నరాలు మెలికలు తిరిగి ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడే ఇనుప సీల కొట్టి చీల్చుకోవాలి. నల్లగొండ వైపు ముసలి బత్తాయి తోటలు తీసేస్తుంటారు, ఆ కట్టె దొరికితే వదలకండి, లావుగా లేకపోయినా గట్టిది. వేప, మామిడి మధ్యరకం. మోదుగ తేలిక, మునగ అసలు వద్దు. గన్నేరు మాత్రం కొమ్మ కూడా పొయ్యి దగ్గరికి రానివ్వకండి, దాని పొగ కూడా విషమే. నల్లమల అంచున ఉండేవాళ్లకు నల్లజీడి తెలిసే ఉంటుంది, దాని పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, కాల్చినా అంతే. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఊరికే వచ్చాయని పొయ్యిలో పెట్టకండి. సొంత పొలంలో చెట్టైనా సరే, కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ప్రకారం అనుమతి కావాలేమో కనుక్కోండి. అమ్రాబాద్ పులుల అడవి వైపైతే గొడ్డలి పట్టుకుని పోనే వద్దు.

గొడ్డలి అన్నాను కదా, కామ వదులైన గొడ్డలితో ఒక్క దెబ్బ కూడా వేయకండి. చెప్పులతో కాదు, బూట్లతో నిలబడండి. సర్కారు తుమ్మ ముల్లు దిగితే పాదం వాచి వారం రోజులు పనికి రాకుండా పోతుంది.

ఎండిందా లేదా తెలుసుకోవడానికి రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టి చూస్తారు. ఠంగున మోగితే ఎండినట్టు, దబ్బుమంటే తడి. కొనల్లో పగుళ్లు, ఊడిపోతున్న బెరడు కూడా గుర్తులే. వీటికంటే నాకు నమ్మకమైనది ఇంకొకటుంది. లావు కుప్పలోంచి ఒక పేడు తీసి సుద్దతో గుర్తు పెట్టి కిరాణా కొట్టులో తూకం వేయించండి. పదిహేను రోజులకోసారి అదే పేడు తూయండి. పోయినసారి మాది మొదట రెండు కిలోల మూడు వందల గ్రాములుంది. నాలుగో తూకానికి కిలో ఆరు వందలకు వచ్చింది, ఆ తర్వాత కదల్లేదు. తగ్గడం ఆగిందంటే ఇక వానకు తడవకుండా చూసుకోవడమే మిగిలింది. పిల్లలకు ఈ పని అప్పజెప్పండి, ఇష్టంగా చేస్తారు.

కుప్ప నేల మీద వేయకండి, చెదలు పడుతుంది, తడి ఎక్కుతుంది. రెండు వరసల రాళ్లో, మిగిలిపోయిన షాబాద్ బండ ముక్కలో పరిచి, నేలకు అడుగు ఎత్తులో పేర్చండి. పైన రేకో టార్పాలినో కప్పి, పక్కలు వదిలేయండి. చుట్టూ చుట్టేస్తే లోపలి తడి బయటికి పోక బూజు పడుతుంది. ఇంటి గోడకు ఆనించి పేర్చడం మాత్రం మానేయండి. వానాకాలంలో ఎలుకలు కట్టెల్లో చేరతాయి, వాటి వెనకే నాగుపాము, కట్లపాము వస్తాయి. ఎండిన బెరడు కింద తేళ్లు ఉండనే ఉంటాయి. పొద్దుగూకాక కుప్పలో వట్టి చేయి పెట్టకండి. టార్చి వేసి, కర్రతో కదిలించి, పైనున్న కట్టె ముందు తీయండి. రేపటి కట్టె ఈరోజు వెలుతురుండగానే తెచ్చి పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు. పాము కరిస్తే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకుండా, కాలు చేయి కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బూడిద విషయంలో అందరం పొరపాటు చేస్తాం. లావు కట్టె నిప్పు బూడిద కింద మరునాటి దాకా బతికే ఉంటుంది. పైన తెల్లగా చల్లగా కనబడుతుంది, లోపల ఎర్రగా ఉంటుంది. పొద్దున్నే దాన్ని తీసుకెళ్లి పెంటకుప్ప మీద పోస్తే మధ్యాహ్నానికి గడ్డివాముకు అంటుకోవచ్చు. ఇనుప గంపలో ఎత్తి నీళ్లు చల్లి, ఒక పూట ఆగి పారబోయండి. ఆడుకునే పిల్లలు అక్కడికి రాకుండా చూడండి. చేయి కాలితే ఇరవై నిమిషాలు మామూలు నీళ్ల కింద పెట్టండి. పేస్టు, పసుపు, సిరా ఏదీ పూయొద్దు.

ఇక నాకు ఎక్కువ భయం వేసేది ఇది. ఎక్కువసేపు ఉండే నిప్పు దొరికిందని దాన్ని పడుకునే గదిలోకి తెచ్చుకోవడం. మన వైపు బాలింత గదిలో, ముసలివాళ్ల మంచం కింద కుంపటి పెట్టే అలవాటు ఇంకా ఉంది. చలిగాలి తగలకుండా కిటికీలు మూసి, తలుపు కింద గుడ్డ కుక్కి మరీ పెడతారు. పొగ లేదు కదా, నిప్పులే కదా అంటారు. నిప్పుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. తలనొప్పి, వికారం, తల తిరగడం, తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవాళ్లకు అది కూడా తెలియదు. పసిబిడ్డ చెప్పలేదు. బాలింతకు వెచ్చదనం కావాలంటే కిటికీ తెరిచి ఉంచి గది ముందే వేడి చేసి, కుంపటి బయటికి తీసేసి, కాసేపు గాలి ఆడనిచ్చి, తర్వాత పడుకోబెట్టండి. వేడినీళ్ల సీసాను గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. కుంపటి ఉన్న గదిలో ఒకేసారి ఇద్దరికి తలనొప్పి వచ్చిందంటే చలి వల్ల అనుకోకండి. తలుపులు బార్లా తెరిచి, ముందు మనుషుల్ని బయటి గాలిలోకి తీసుకురండి, ఆ తర్వాత 108కి ఫోన్ చేయండి.