పాత కమారో, మస్టాంగ్‌లలో వెనుక చక్రాలు ఎగరకుండా చేయడం

అమెరికా కంపెనీ షెవ్రొలే 1967 మోడల్‌గా తెచ్చిన తొలి కమారో కారులో వెనుక ఇరుసును మోసినవి వైపుకు ఒక్క పట్టీ చొప్పున ఉన్న కమాన్లు, అంటే లీఫ్ స్ప్రింగులు. పెద్ద వీ8 ఇంజిన్ బిగించి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చక్రాలు నేలను పట్టుకోకుండా దడదడమని ఎగిరేవి. మరుసటి ఏడాదే షెవ్రొలే ఒక షాక్ అబ్జార్బరును ఇరుసుకు ముందుకు, రెండోదాన్ని వెనక్కు జరిపి, శక్తిమంతమైన రకాలకు బహుళ పట్టీల కమాన్లు అమర్చింది. పాత ఫోర్డ్ మస్టాంగ్‌లోనూ వెనుక ఉన్నవి కమాన్లే కాబట్టి ఈ సమస్య దానికీ ఉంది.

చక్రం ముందుకు తిరుగుతున్నప్పుడు ఇరుసు హౌసింగ్, అంటే ఇరుసు తొడుగు, దానికి ఎదురుగా తిరగబోతుంది. పినియన్ ముక్కు (ఇరుసు మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే ముందు భాగం) పైకి లేస్తుంది, కమాను మెలిపడుతుంది, టైరు పట్టు జారిన క్షణంలో ఆ మెలి విడిపోయి ఇరుసును వెనక్కు కొడుతుంది, పట్టు దొరకగానే మళ్లీ మెలిపడుతుంది. దీనికి తోడు, ఇంజిన్ శక్తిని వెనుక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మెలిక కుడి వెనుక చక్రాన్ని పైకెత్తుతుంది కాబట్టి ముందుగా జారేది సాధారణంగా అదే. 1967లో కొన్ని కమారోలకు కంపెనీ కుడివైపు మాత్రమే ఒక ట్రాక్షన్ బార్, అంటే ఇరుసు మెలిపడకుండా ఆపే కడ్డీ, పెట్టడానికి కారణం ఇదే.

కొత్త భాగాలు కొనే ముందు ఉన్నవాటిని పరీక్షించాలి. కమాను ముందు కంటిలోని (కారుకు బిగించే గుండ్రటి చుట్టలోని) రబ్బరు బుష్ చిట్లిపోయినా, కమానును ఇరుసుకు పట్టి ఉంచే యూ-బోల్టులు వదులైనా, షాక్‌లు అరిగినా ఏ బార్ వేసీ ప్రయోజనం ఉండదు. యాభై ఏళ్లు దాటిన కారులో ఈ మూడింటిలో ఒకటైనా పాడై ఉండకపోవడం అరుదు.

ఆ తరువాత బార్ ఎంపిక. చవకైనది స్లాపర్ బార్. ఇది ఇరుసు దగ్గర కమాను కింద బిగించుకుని ముందుకు సాగుతుంది. హౌసింగ్ తిరగబోగానే దాని కొసనున్న రబ్బరు ముద్ద పైకి లేచి ఆనుకుని మెలిని ఆపుతుంది. ఆ ముద్ద సరిగ్గా కమాను ముందు కంటి కిందనే ఉండాలి. వెనక్కు ఉంటే కంటికి బదులు పట్టీనే నొక్కి దానిని వంచుతుంది. పొట్టి బార్లు కొని మోసపోయేది ఇక్కడే.

మెరుగైనది కాల్‌ట్రాక్స్ పద్ధతి. ఇందులో ముందు కంటి దగ్గర ఊగే బ్రాకెట్టును బార్ ముందుకు నెడుతుంది, బ్రాకెట్టు కమానును పైనుంచి అదుముతుంది. మామూలు ప్రయాణంలో కమాను స్వేచ్ఛగా కదులుతుంది కనుక రోజూ తిప్పే కారుకు నేను దీనినే సూచిస్తాను.

సర్దుబాటు చేసేటప్పుడు కారు బరువు చక్రాల మీదో, ఇరుసు కింద పెట్టిన స్టాండ్ల మీదో ఉండాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకూడదు. కాల్‌ట్రాక్స్ రెండు బార్లనూ చేత్తో తిప్పి ఆట (వదులు) పోయేదాకా తెచ్చి, కుడిదానిని మాత్రం మరో పావు చుట్టు బిగించి లాక్ నట్ వేయాలి. బయలుదేరేటప్పుడు కారు ఎడమకు లాగితే కుడివైపు బిగింపు ఎక్కువైందని గ్రహించి కొంచెం వదులు చేయాలి.

చివరగా పినియన్ కోణం కొలవాలి. బరువు మోస్తున్న స్థితిలో పినియన్ ముక్కు షాఫ్ట్ కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు కిందికి ఉండేలా, కమానుకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు షిమ్ములు (పలుచని లోహపు ముక్కలు) పెట్టవచ్చు. కమారోలో ముందు భాగపు సబ్‌ఫ్రేమ్, అంటే ఇంజిన్‌ను మోసే చట్రం, విడిగా బోల్టులతో బిగించి ఉంటుంది. దాన్ని కారు వెనుక భాగంతో కలిపే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు వేస్తే బాడీ మెలిపడటం తగ్గుతుంది.

ఖాళీగా ఉన్న ట్రాక్ మీద రెండు మూడు సార్లు గట్టిగా బయలుదేరి చూసి, ఆ వెంటనే యూ-బోల్టులను సర్వీస్ మాన్యువల్‌లోని టార్క్‌కు మళ్లీ బిగించాలి, ఎందుకంటే కొత్తగా బిగించిన పట్టీలు ఒత్తిడికి సర్దుకుని బోల్టులను వదులు చేస్తాయి.